ఎంతవరకు వస్తే వచ్చినట్టు?

ఈ సంచిక కోసం చిత్రకారుల్నీ నర్తకుల్నీ గాయకుల్నీ ఒకటే అడిగాం: మీ పని ఫలించిందని మీకెలా తెలుస్తుంది? అవార్డుల ఊసెత్తినవారు తక్కువే.

ఆ జవాబులు చదువుతుంటే నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణగారే పదేపదే గుర్తొచ్చారు. మరుగున పడిన పేరిణి నృత్యాన్ని ఆయన ఎక్కడ వెతికారో చూడండి: 13వ శతాబ్దంలో జాయప సేనాని రాసిన ‘నృత్తరత్నావళి’లో, రామప్ప గుడి శిల్పాల్లో. రాతిలో ఉన్నది ఒక్క భంగిమ. దాని ముందు అడుగేదో, తరువాతి అడుగేదో శిల్పం చెప్పదు. ఆ ఖాళీని శాస్త్రంతో, సాధనతో పూరించాలి. తానే ఆడి పేరు తెచ్చుకుంటే సరిపోతుందని ఆయన అనుకోలేదు. పేరిణిని శిష్యుల చేత ఆడించారు. ఆలయ నర్తకీమణుల విద్యను ఆంధ్రనాట్యంగా తరువాతి తరానికి అందించారు. సమాజం దూరం పెట్టిన ఆ స్త్రీలను గురువులుగా గౌరవించడమే, నా దృష్టిలో, అన్నింటికన్నా పెద్ద పని.

కళను తరువాతి తరానికి అందించాలనే ఇలాంటి లక్ష్యానికి గడువు ఉండదు. పొద్దున లేస్తూనే ఫోన్‌లో లైకులు లెక్కపెట్టుకునే ఈ రోజుల్లో, కొత్తగా గజ్జె కట్టిన పిల్లలకు ఈ సంగతి తెలియాలని నా కోరిక.

లోపలి పేజీల్లో కళాకారుల సమాధానాలున్నాయి. ఒకరి మాట మరొకరితో పొసగని చోట మేం సర్దలేదు, ఉన్నదున్నట్టే అచ్చువేశాం.