పరువు బరువు పిల్లల మెడకేనా?

2010లో మొహియుద్దీన్ కందూర్ అనే జోర్డాన్ దర్శకుడు 'చెర్కెస్' అని ఒక సినిమా తీశాడు. 1900 ప్రాంతపు కథ. పిల్లవాడు సర్కాసియన్, పిల్ల బెదూయిన్ తెగ పెద్ద కూతురు. ఇద్దరూ ప్రేమించుకున్నారు. రెండు జాతులూ కత్తులు దూసే దాకా వచ్చింది. ప్రేమకథ కల్పితమే కావచ్చు, దాని వెనకున్న తగాదా మాత్రం కల్పితం కాదు.

సర్కాసియన్లు కాకసస్ కొండల వాళ్లు. రష్యా జారు సైన్యం వాళ్లను ఊచకోత కోసి, 1864 నాటికి మిగిలినవాళ్లను నల్లసముద్రం దాటించి తరిమేసింది. 1878 నుంచి తుర్కీ సుల్తాను ప్రభుత్వం వాళ్లలో కొందరిని పాడుబడ్డ అమ్మాన్‌లో దింపింది. నేల ఇచ్చి దున్నుకోమంది. ఆ చుట్టుపట్ల పచ్చికా నీళ్లూ తరతరాలుగా బెదూయిన్ల మందలవి. ఇచ్చినవాడు ఇస్తాంబుల్‌లో చల్లగా కూర్చున్నాడు. కొట్టుకు చచ్చింది ఊరు పోయినవాడూ, బీడు పోయినవాడూ!

ఇద్దరిదీ ఒకే మతం, ఒకే నమాజు. అయినా పెళ్లి దగ్గరకొచ్చేసరికి గోడ. మనసిచ్చిన పిల్లను ఆమె ఇష్టంతోనే ఎత్తుకెళ్లడం, తర్వాత పెద్దలు మాట్లాడి పెళ్లి చేయడం సర్కాసియన్లలో ఉన్న ఆచారం. బెదూయిన్లకు అదే పని తెగ పరువు తీయడం. ఏ వైపు చూసినా తీర్పు చెప్పేది మగ పెద్దలే. పిల్లను అడిగిందెవరు?

తమాషా ఏంటంటే, బెదూయిన్లలో పెద్ద తెగ బనీ సఖర్‌తో సర్కాసియన్లు పొత్తు కుదుర్చుకున్నారు. అవసరం పడితే పొత్తు కుదురుతుందన్నమాట. పెద్దలు చేతులు కలిపితే ఒప్పందం, పిల్లలు కలిపితే ద్రోహమా?

తరిమేయబడ్డ జాతి తన భాషా ఆచారం పోతాయేమోనని భయపడితే మేం తప్పు పట్టం. మేతా నీళ్లూ పోయినవాడి కోపాన్నీ తప్పు పట్టం. కానీ ఆ భయాన్నీ కోపాన్నీ కన్నబిడ్డ మెడకు గుదిబండలా కడితే ఊరుకోం. దెబ్బ తిన్నవాళ్లం కాబట్టి మా ఇంట్లో గోడలుండొచ్చనే మాటను మేం ఒప్పుకోం.

పరువు పేరుతో చంపి, 'కోపంలో చేశాను' అంటే శిక్ష తగ్గే దారిని జోర్డాన్ 2017లో చాలామట్టుకు మూసింది. ఆడవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడితేనే అదైనా వచ్చింది.

ఎక్కడో అమ్మాన్ గొడవ మనకెందుకంటారా? కులానికి అసలు మందు కులాంతర వివాహమేనని 1936లోనే 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ ఎందుకన్నాడో ఒక్కసారి ఆలోచించండి. నేల తగాదా నేల ఇచ్చినవాడితో తేల్చుకోవాలి. పిల్లల నెత్తుటితో కాదు.