నేల దారినీ చూడండి

2025 జూన్‌లో అహ్మదాబాద్ విమాన ప్రమాదం తర్వాత గగనయానమంటే జంకేవారి గుబులు పెరిగితే ఆశ్చర్యం లేదు. విమానమే సురక్షితమని లెక్కలు చెప్పినా గుండెదడ తగ్గదు. అలాంటివారికి హైదరాబాద్‌లో ఆబిడ్స్ పక్కనే 1907 నాటి నాంపల్లి స్టేషన్ ఉంది. ఢిల్లీకి తెలంగాణ, చెన్నై వైపు చార్మినార్, విశాఖకు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లకు అదే ఆధారం. విమానంలో రెండు గంటల చిల్లర పట్టే ఢిల్లీకి రైల్లో ఒక రోజు దాటుతుంది. అంత సమయం వెచ్చించేందుకు సిద్ధపడ్డా బెర్తు దొరకకపోవడమే అసలు చిక్కు. ముందస్తు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు నుంచి 60 రోజులకు కుదించారు. పండగల వేళ వెయిటింగ్ లిస్టు బెడద మాత్రం తప్పడం లేదు. భయం నామోషీ కాదు. విమానం బదులు రైలెక్కేవారి కోసం దూరప్రాంత రైళ్లలో బెర్తులు పెంచడం రైల్వే శాఖ బాధ్యత.