అతిథులు కావు - ఆడపడుచులు

శ్రీ సత్యసాయి జిల్లాలో, హిందూపురానికి చేరువన, చిలమత్తూరు మండలంలో వీరాపురం అనే గ్రామం ఉంది. ఏటా చలికాలం ముగిసే వేళకు ఎర్రకాళ్ళ కొంగలు గుంపులుగా వచ్చి ఆ ఊరి చింతచెట్లపై వాలుతాయి. పుల్లాపుడకా ఏరి గూళ్ళు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లలకు రెక్కలు వచ్చాక తరలిపోతాయి.

ఆ నెలలు గ్రామస్థులకు సుఖమైనవి కావు. రెట్టలతో వాకిళ్ళు తెల్లబారతాయి. చేపల నీచువాసన వీధులను కమ్ముకుంటుంది. చింతకాయ పండే ఋతువే గూళ్ళ ఋతువు గనుక, కాయ దులిపితే గూళ్ళు చెదురుతాయి. అయినా వారు వాటికి తరతరాలుగా కీడు తలపెట్టలేదు. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులను ఆదరించినట్లు ఆదరించారు.

ఈ కొంగలు సైబీరియా నుండి వస్తాయని జనవాక్యం. అది నిజం కాదు. ఇవి దక్షిణాసియా పక్షులు; మన దేశపు చెరువుల మధ్యనే తిరుగాడుతాయి. లోతు తక్కువ నీటిలో ముక్కు సగం తెరిచి, తాకిన చేపను పట్టి బతుకుతాయి. అందువల్ల ఇక్కడి చెరువులు ఎండితే తలదాచుకొనడానికి వాటికి మరో దేశం లేదు.

పెనుకొండ సమీపంలోని ఎర్రమంచిలో 2019లో కియా కర్మాగారం నుండి కార్ల ఉత్పత్తి ఆరంభమైంది. కరవు సీమకు ఉపాధి కావాలి. పరిశ్రమ రావడం తప్పు కాదు. అయితే పరిశ్రమ వెంట రహదారులూ, ఇండ్ల స్థలాలూ వస్తాయి. అవి చెరువు గర్భాన్నీ, నీరు వచ్చే వాగునూ, బాటపక్క చింతనూ మింగకుండా చూడటమే అసలు పరీక్ష.

మనుషులకే నీరు చాలని చోట పక్షుల చింత ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. కొంగ నిలిచే చెరువే ఊరి బావులలో ఊట నిలుపుతుంది. చెరువు పోతే ముందు కొంగ పోతుంది. తరువాత బావి ఎండుతుంది.

వేసవిలో మిద్దెపై మూకుడుతో నీరుంచడం దయ. చెరువును పూడ్చకుండా కాపాడటం బాధ్యత. హిందూపురం, ధర్మవరం వంటి పట్టణాలు విస్తరించేటప్పుడు చెరువుల హద్దులు ముందుగా గుర్తించాలి. అలంకారపు మొక్కలకు బదులు చింత, మర్రి, రావి, వేప నాటాలి. గూళ్ళున్న చెట్ల యజమానులకు ఫలసాయపు నష్టం చెల్లించాలి. పేద గ్రామం ఒక్కటే జాతి సంపద భారం మోయడం న్యాయం కాదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. ప్రాణుల పట్ల కరుణ పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగం చెప్పింది. కాని వీరాపురం చట్టం చదివి కొంగలను కాపాడలేదు. నేలకొరిగిన జటాయువును రాముడు లేపిన చోటు లేపాక్షి అని చెప్పుకొనే సీమ ఇది. పక్షి కూలిన తరువాత లేపడం కంటే, కూలకముందే కొమ్మను నిలపడం మేలు.