ట్వీటర్‌ని చంపేది ఆ ‘స్స్...’ కాదు బాబూ!

పాట ఆగిపోయాక కూడా యాంప్లిఫయర్ ఆన్‌లో ఉంటే స్పీకర్లోంచి సన్నగా "స్స్‌స్..." అని వస్తుంది కదా. అది రాత్రింబవళ్ళు వస్తూ ఉంటే ట్వీటర్ కాయిల్ మెల్లమెల్లగా మాడిపోతుందట! చెప్పేది ఎవరు? ఓమ్స్ లా చదివి పాసయిన ఇంజనీర్లు. ఆఫీసులో లాగ్ ఫైల్ చూడకుండా "మెమరీ లీక్" అన్నవాణ్ణి ఉతికి ఆరేస్తారే, ఇంటికొచ్చాక ఆ బుద్ధి ఏమవుతుందో!

సరే, లెక్క వేద్దాం. యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌లో రొద 1 మిల్లీవోల్టు, స్పీకర్ 8 ఓమ్‌లు అనుకోండి. వోల్టేజీ వర్గాన్ని 8తో భాగిస్తే 0.125 మైక్రోవాట్లు. అంటే వాటులో 80 లక్షలవ వంతు. పోనీ మీ యాంప్లిఫయర్ మరీ చెత్తది, 10 మిల్లీవోల్టులు అనుకున్నా 12.5 మైక్రోవాట్లే. మామూలుగా పాట వింటున్నప్పుడే ట్వీటర్‌కి ఇంతకి ఎన్నో రెట్లు వెళ్తుంది.

"మరి వినపడుతుందేం?" అంటారు. 1 వాటుకి మీటరు దూరంలో 90 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ ఆ 0.125 మైక్రోవాట్లకి 21 ఇస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో దగ్గరకెళ్తే వినపడుతుంది మరి. అది మన చెవి గొప్పతనం, కరెంటుది కాదు.

"ఏళ్ళ తరబడి కలిస్తే?" వేడి రికరింగ్ డిపాజిట్ కాదండీ, నెలనెలా జమ అవడానికి! పుట్టింది పుట్టినట్టే గాల్లోకి పోతుంది.

ట్వీటర్లు నిజంగా ఎలా పోతాయంటే, చిన్న యాంప్లిఫయర్‌ని డిసెంబరు 31 రాత్రి ఫుల్లుగా తిప్పితే. సిగ్నల్ శిఖరాలు తెగిపోయి సగటు పవర్ పెరుగుతుంది, తెగినచోట పుట్టిన హార్మోనిక్స్ తిన్నగా ట్వీటర్ నెత్తిన పడతాయి. పొగ అప్పుడొస్తుంది. రోజూ రొదకి భయపడి స్విచ్ కట్టేసేవాళ్ళే ఈ పనీ చేస్తారు, అదీ విచిత్రం.

నా మంట ఎక్కడంటే, ఈ భయం మీద వ్యాపారం నడుస్తోంది. నా ఫ్రెండ్‌కి ఒక దుకాణంలో "ట్వీటర్లు కాపాడుకోండి సార్" అని పవర్ కండిషనర్ అంటగట్టారు. ఆ రొద చాలావరకు యాంప్లిఫయర్‌లోని రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్లలోనే పుడుతుంది. గోడలోంచి వచ్చే కరెంటుని కడిగితే అది పోతుందా? నాబ్‌తోపాటు రొద కూడా పెరుగుతుంటే కంప్యూటర్లో వాల్యూమ్ పెంచి యాంప్లిఫయర్‌లో తగ్గించండి. పైసా ఖర్చు లేదు.

ఆఫ్ చెయ్యాలంటే చెయ్యండి, కరెంటు బిల్లు కోసం. ఖాళీగా 25 వాట్లు తాగే యాంప్లిఫయర్ నెలంతా ఆన్‌లో ఉంటే 18 యూనిట్లు. రొద ఉన్నట్టుండి బాగా పెరిగితే మాత్రం రిపేరుకివ్వాల్సింది యాంప్లిఫయర్‌ని, ట్వీటర్‌ని కాదు.