పెళ్లి కథలో చోటులేని వాళ్లు

అచ్చంపేటలో శ్రీశైలం బస్సెక్కితే మన్ననూరు దాటగానే నల్లమల అందాలు మొదలవుతాయి. కిటికీ పక్క సీటు దొరికినవాళ్లు అదృష్టవంతులే. కానీ పక్క సీట్లో పెద్దమ్మ వరసయ్యే ఆవిడెవరైనా కూర్చున్నారా... ఇక దోమలపెంట దాకా ఒకటే ముచ్చట.

‘‘ఏం బిడ్డా, ముప్పయ్యేండ్లు రాబట్టె. పప్పన్నం ఎప్పుడు పెడ్తవ్?’’

నవ్వి ఊరుకుంటే, ‘‘ఎవర్నన్న చూసుకున్నవా ఏంది? ఉంటే చెప్పు, మీ నాయినతోని నేను మాట్లాడ్త’’ అని భరోసా. అలాంటిదేమీ లేదంటే గొంతు తగ్గించి, ‘‘మరి డాక్టరుకు చూపెట్టుకున్నవా?’’ అని ఆరా.

పెద్దమ్మకు తెలిసిన జవాబులు మూడే. సంబంధం కుదరలేదు, మనసులో ఎవరో ఉన్నారు, ఒంట్లో ఏదో బాగాలేదు. ‘నాకు ఆ ధ్యాసే లేదు పెద్దమ్మా, ఎవరిమీదా ఎప్పుడూ కలగలేదు’ అన్నది నాలుగో జవాబు. అది నిజమైనా చెప్పేవాళ్లు తక్కువ, నమ్మేవాళ్లు ఇంకా తక్కువ. తప్పు పెద్దమ్మది కాదు. ఆమె విన్న కథల్లో, చూసిన సినిమాల్లో అలాంటి మనిషి కనిపిస్తే కదా!

మల్లన్నే పెళ్లికొడుకు

ఆ బస్సు వెళ్లే శ్రీశైలం పరిసరాల్లోనే, పెళ్లి వద్దనుకున్న ఒక కవయిత్రి పేరున గుహలున్నాయి. జలాశయం అంచున, పడవలో వెళ్లి చూసొచ్చే అక్కమహాదేవి గుహలవి. పన్నెండో శతాబ్దంలో కన్నడనేలన, ఇప్పటి శివమొగ్గ జిల్లాలోని ఉడుతడిలో పుట్టిన మహాదేవిని పెళ్లాడతానని కౌశికుడనే రాజు పట్టుబట్టాడు. ఆ తర్వాత ఏం జరిగిందన్నది ఇద్దరు కన్నడ కవులు రెండు రకాలుగా చెప్పారు. హరిహరుడి కథనంలో ఆమె షరతుల మీద ఒప్పుకుని, రాజు మాట తప్పగానే అన్నీ వదిలేసి వెళ్లిపోతుంది. చామరసుడి కథనంలో అసలు పెళ్లే జరగదు. దారి ఏదైనా చివరికి ఆమె చేరింది మాత్రం శ్రీశైలం అడవికే.

అయితే ఆమె వచనాలు విరాగంతో నిండినవి కావు. చెన్నమల్లికార్జునుడే తన భర్త అంటూ విరహాన్ని, వలపును పాడుకున్న గీతాలవి. అలాంటామెకు ఈనాటి ముద్ర ఏదో వేయడం సరికాదు. గమనించాల్సింది ఇంకొకటి. మనిషిని పెళ్లాడనని చెప్పడానికి ఆమెకు దొరికిన భాష కూడా పెళ్లి భాషే. ఆరు వందల ఏళ్ల తర్వాత మన తరిగొండ వెంగమాంబదీ అదే దారి. బాల్యంలోనే భర్తను పోగొట్టుకున్న ఆమె, వేంకటేశ్వరుడే తన భర్తంటూ వైధవ్య చిహ్నాలను కాదన్నారు.

కారణం చెప్పాల్సిందే!

మన కథల్లో ఒంటరిగా ఉన్నవాళ్లు లేకపోలేదు. కాకపోతే ప్రతి ఒక్కరికీ ఒక కారణం ఉండి తీరాలి. భీష్ముడు పెళ్లి మానుకున్నాడు... తండ్రి పెళ్లి కోసం! దేవదాసుకు పార్వతి దూరమైంది. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధి ప్రేమకోసం తపించి, ఎవరికీ దగ్గర కాలేకపోతే, దాని వెనక తల్లి మీద పడిన నింద ఉంటుంది. ప్రతిజ్ఞ, దైవం, భగ్నప్రేమ, చిన్ననాటి గాయం... వీటిలో ఏదో ఒకటి లేకుండా ఒక మనిషి ఒంటరిగా, హాయిగా ఉండొచ్చని ఒప్పుకోవడానికి కథకులకు మనసు రాలేదు.

ఆ మాటకొస్తే మొల్ల కొంత నయం. ఆమె పెళ్లి చేసుకోలేదన్నది ప్రతీతి. తన రామాయణం మొదట్లో తండ్రి ఆతుకూరి కేసనసెట్టి గురించి చెప్పుకొందే తప్ప, ‘ఎందుకు చేసుకోలేదు’ అన్న సంజాయిషీ జోలికి పోలేదు. రామాయణం రాసింది, అంతే.

కడిగినా, విప్పినా...

తెలుగులో ఈ విషయానికి బాగా దగ్గరగా వచ్చిన కవి రాయప్రోలు సుబ్బారావు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖకు అధిపతిగా పనిచేసిన ఆయన, అంతకు చాలాముందే 1912 ప్రాంతంలో ‘తృణకంకణం’ కావ్యం రాశారు. చిన్నప్పట్నుంచీ కలిసి పెరిగిన ఇద్దరు. అమ్మాయికి మరొకరితో పెళ్లయిపోతుంది. మళ్లీ కలిసినప్పుడు ఆ ఇద్దరూ స్నేహాన్నే నిలుపుకొంటారు. గుర్తుగా మిగిలేది ఒక గడ్డిపోచ కంకణం. శరీరంతో పనిలేని ఈ ప్రేమకే ‘అమలిన శృంగారం’ అని పేరు. దాని మీద అప్పట్లో వాదోపవాదాలు కూడా గట్టిగానే నడిచాయి.

ఇక ‘మైదానం’ రాసిన చలం సంగతి చెప్పక్కర్లేదు. కోరికను దాచిపెట్టడమే అసలు తప్పని ఆయన వాదన. ఒకరు కోరికను కడిగి శుభ్రం చేయాలన్నారు, ఇంకొకరు సంకెళ్లు విప్పి వదిలేయమన్నారు. ఎదురెదురుగా నిలబడ్డ ఈ ఇద్దరూ ఒక్క విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చారు. కోరిక అనేది ప్రతి మనిషిలోనూ ఉండే తీరుతుంది! మరి పుట్టుకతోనే లేనివాళ్లో? వాళ్లు కడగడానికీ, విప్పడానికీ ఏమీ లేదు. బ్రహ్మచర్యం నిగ్రహం. ఇది నిగ్రహం కాదు, స్వభావం. ఉపవాసం ఉన్నవాడికీ, ఆకలి వేయనివాడికీ ఉన్నంత తేడా ఉంది.

లెక్కలోకి వచ్చారు

ఇలాంటివారి గురించి శాస్త్రం ఆలస్యంగానే మాట్లాడింది. అమెరికా పరిశోధకుడు ఆల్‌ఫ్రెడ్ కిన్సీ 1948లో మనుషుల ఆకర్షణలను సున్నా నుంచి ఆరు దాకా అంకెలతో కొలిచారు. ఏ అంకెలోనూ ఇమడనివారిని ‘ఎక్స్’ అని పక్కన పెట్టారు. 2004లో కెనడా శాస్త్రవేత్త ఆంథొనీ బోగార్ట్, బ్రిటన్‌లో 18 వేల మందికి పైగా పాల్గొన్న ఒక సర్వేను పరిశీలిస్తే, దాదాపు ఒక శాతం మంది తమకు ఎవరిమీదా ఎన్నడూ లైంగిక ఆకర్షణ కలగలేదన్నారు. వీరినే ‘ఎసెక్సువల్’ అంటున్నారు. ప్రేమలో పడాలన్న ఊహే రానివారు ‘ఎరొమాంటిక్’. రెండూ ఒకటి కావు. కొందరికి ప్రేమ, తోడు కావాలి, శరీర సంబంధం అక్కర్లేదు. కొందరికి రెండూ అక్కర్లేదు. అలాగని వారివి రాతిగుండెలు కావు. అమ్మానాన్నలన్నా, స్నేహితులన్నా, పిల్లలన్నా ప్రాణం పెట్టేవాళ్లు వారిలోనూ ఉంటారు.

ఇది జబ్బేమో అన్న అనుమానానికీ జవాబుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన నిర్ధారణ గ్రంథం, తాము ఎసెక్సువల్ అని చెప్పుకొనేవారికి కోరిక లేదన్న కారణంతో వ్యాధి పేరు పెట్టొద్దంది. నిన్నటిదాకా ఉన్నది హఠాత్తుగా పోతే అది వేరే సంగతి. అప్పుడు డాక్టరును కలవాల్సిందే.

సముద్రం ఒడ్డున ఒక బురుజు

మరి కథల్లోకి వీరు ఎప్పుడొచ్చారు? న్యూజిలాండ్ రచయిత్రి కెరీ హ్యూమ్ రాసిన ‘ది బోన్ పీపుల్’ నవలను పెద్ద ప్రచురణకర్తలు కాదంటే, ‘స్పైరల్’ అనే చిన్న మహిళల బృందం 1984లో అచ్చేసింది. ఆ మరుసటి ఏడాదే దానికి బుకర్ బహుమతి దక్కింది. ఆ దేశానికి అదే తొలి బుకర్. కథానాయిక కెరెవిన్ చిత్రకారిణి. సముద్రం ఒడ్డున బురుజు కట్టుకుని ఒంటరిగా ఉంటుంది. మాట రాని ఓ పిల్లవాడు, వాణ్ని పెంచుతున్న ఓ మగమనిషి ఆమె జీవితంలోకి వస్తారు. సగటు పాఠకుడు ఎదురుచూసేది వెంటనే ప్రేమ, ఆ వెనక పెళ్లి. హ్యూమ్ ఆ దారి పట్టలేదు. తనకు అలాంటి కోరికలే లేవని కెరెవిన్ తేల్చి చెబుతుంది. ఎన్నో దెబ్బలు తిన్నాక, ప్రేమకథగా మారకుండానే ముగ్గురూ ఒక గూటికి చేరతారు. తాను కూడా ఎసెక్సువల్, ఎరొమాంటిక్ అని 2021లో కన్నుమూసిన హ్యూమ్ బాహాటంగానే చెప్పుకొన్నారు.

ఈ తరం పిల్లలకు ఆ మాట మరింత సూటిగా చెప్పినవారు బ్రిటన్‌కు చెందిన అలిస్ ఒస్‌మన్. వీరు కూడా తమ గురించి దాపరికం లేకుండా చెప్పినవారే. 2020లో వచ్చిన ‘లవ్‌లెస్’ నవలలో జార్జియాకు ప్రేమకథలంటే పిచ్చి. తనకు మాత్రం ఎవరిమీదా ప్రేమ పుట్టదు. ‘ప్రయత్నిస్తే అదే వస్తుందిలే’ అని చిన్ననాటి స్నేహితుడితో ప్రేమ నడిపి చూస్తుంది. రాదు. అతని మనసు విరుగుతుంది. చివరికి తన జీవితంలో పెద్దపీట స్నేహానిదేనని తెలుసుకుంటుంది. 2021లో ఈ నవలకు బ్రిటన్‌లో ‘వైఏ బుక్ ప్రైజ్’ వచ్చింది.

ప్రయోగం ఖరీదు

జార్జియా చేసిన ప్రయోగానికి ఖరీదు ఒక స్నేహితుడి కన్నీళ్లు. కొన్నాళ్లకు ఇద్దరూ తేరుకున్నారు. మన దగ్గర అదే ప్రయోగానికి వేరే పేరుంది. ‘పెళ్లయితే అన్నీ అవే సర్దుకుంటయ్!’ శుభలేఖలు అచ్చవుతాయి, అప్పు తెచ్చి ఫంక్షన్ హాల్ మాట్లాడతారు, వెయ్యిమంది భోంచేసి దీవిస్తారు. ఆ తర్వాత నాలుగు గోడల మధ్య ఇద్దరు మిగులుతారు. ‘నాలో ఏం లోపం?’ అని ఒకరు, ‘నాకేమైంది?’ అని ఇంకొకరు. ఆ ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు. వారిలో ఒకరికి తన గురించి చెప్పుకొనేందుకు సమయానికి ఒక మాట దొరకలేదంతే.

ఆ మాట అందించడమే కథ చేయగల మేలు. అలాగని ఎవరో ఒకరిని తెచ్చి పెడితే సరిపోదు. మనసులేని మరమనిషిలానో, నవ్వులకు పనికొచ్చే పిసినారి బ్రహ్మచారిలానో, చివరి అధ్యాయంలో సరైన జోడీ దొరకగానే మారిపోయేవారిలానో రాస్తే, రాయకపోవడమే మేలు. తెలుగులో కావాల్సింది చెల్లెలి పెళ్లి పనుల్లో ముందుండే అక్క, పంట అమ్మి అన్న పిల్లల ఫీజులు కట్టే బాబాయ్, సాయంత్రం బడి వదిలాక తన ఇంటికి తాను హాయిగా నడిచిపోయే టీచరమ్మ. వారి ఒంటరితనానికి వెనక ఏ విషాదమూ ఉండనక్కర్లేదు.

అలాంటి కథ ఒకటి ఇంట్లో అందరూ చదివి ఉంటే పెద్దమ్మ పప్పన్నం గురించి అడగడం మానేస్తుందా? మానదు. కాకపోతే, ‘‘నాకు ఆ ధ్యాస లేదు పెద్దమ్మా’’ అన్న జవాబు వినగానే డాక్టరు మాట ఎత్తకుండా, ‘‘గట్లనా బిడ్డా? సరే తియ్, నీ ఇష్టం’’ అని సంచిలోంచి రెండు సీతాఫలాలు తీసి చేతిలో పెట్టొచ్చు. దోమలపెంట వచ్చేదాకా మాట్లాడుకోవడానికి వేరే ముచ్చట్లే లేవా ఏమిటి!