కొమ్ముపిడికి మెరుగు

పాత మంగలికత్తి చేతికి చిక్కినవారిలో పెక్కురు మొదట అలుగునే చూతురు. తుప్పు వదలునా, సానకు లొంగునా, పదును నిలుచునా అని విచారింతురే గాని, ఆ అలుగును తరతరములుగా తనలో దాచి కాపాడిన కొమ్ముపిడి పొట్టులేచి, వంకరపోయి, బూడిదవన్నెకు తిరిగియున్నచో, దానిని ఊడబెరికి పారవేసి నిగనిగలాడు ప్లాస్టిక్ పిడిని బిగించుటయే మరమ్మతనుకొందురు. అట్టి పని మరమ్మతు కాదనియు, ఆ వస్తువు చరిత్రలో సగమును తుడిచివేయుటయే యనియు నా దృఢాభిప్రాయము.

పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండునందలి షెఫీల్డు పనివారు క్షౌరపుకత్తుల పిడులకు విరివిగా వాడిన ద్రవ్యములలో గేదెకొమ్ము ముఖ్యమైనది. అది హిందూదేశమునుండియు ఓడలమీద అచ్చటికి పోయెడిది. ఇచ్చటి చెరువులలో మునిగితేలిన పశువు కొమ్ము సముద్రము దాటి, ఉక్కుతో జతగూడి, షెఫీల్డు ముద్ర వేసికొని మరల మన మంగలిపొదులలోనికే వచ్చినదన్నచో, దాని యెడల మనకు కొంత బాధ్యత కలదు.

కొమ్ము ఎముక కాదు. మన గోళ్ళకును వెండ్రుకలకును మూలమైన కెరటిన్ అను పదార్థమే పొరలుపొరలుగా పెరిగి కొమ్మగును. అందుచేతనే చెమ్మ ఆరినచో పొరలు విడును. ఉన్నిబట్టలను కొరుకు పురుగులే దీనినిగూడ తొలుచును. వేడి తగిలినచో మెత్తబడి చెప్పినట్లు వినును. వంకరపోయిన పిడిని వేడినీళ్ళలో ఉంచి, రెండు చదునైన చెక్కల నడుమ బిగించి, పూర్తిగా చల్లారనిచ్చినచో తిన్ననగును. లేచిన పొట్టును పలుచని జిగురుతో అతికి, పురుగు తిన్న గుంటలను కొమ్ముపొడి కలిపిన జిగురుతో పూడ్చి, అది గట్టిపడిన పిదప 400 అంకె నీళ్ళ ఎమరీ కాగితముతో ఆరంభించి 600, 1000, 2000 వరకు క్రమముగా పోవలెను. అంచె మారినపుడెల్ల రుద్దు దిశను మార్చినచో, ముందటి కాగితము మిగిల్చిన గీతలు అడ్డముగా తేలి, అవి పోవువరకు తరువాతి కాగితమును ముట్టరాదని కన్నే చెప్పును. 400 వద్ద పిడి బొగ్గువలె మసకగా ఉండును. 1000 దాటిన పిమ్మట వెలుగునకెదురుగా పట్టినచో, కటిక నలుపనుకొన్న కొన్ని పిడులలో తేనెరంగు చారలు బయటపడును. అయితే తాబేటిచిప్పను తలపించునట్లు రంగుమచ్చలు దిద్దిన లేతకొమ్ము పిడులును కలవు. ఆ రంగు పైపైననే యుండును గనుక, వానిని మెత్తని గుడ్డతోను కొద్దిపాటి నూనెతోను తుడిచి విడిచిపెట్టుటయే మేలు.

యంత్రపుచక్రముమీద మెరుగు పెట్టుటను నేను ఎంతమాత్రము ఒప్పను. దాని వేడికి కొమ్ము మరల వంగును, అంచులు అరిగి గుండ్రబడును, ఇత్తడిశీలల తలలు చదునైపోవును. శీలలు గట్టిగా ఉన్నంతకాలము వానిని కదలింపనే రాదు. పిడి కొసయందు రెండు పలకల నడుమ ఇమిడియుండు చిన్న చీలికయొక్క ఏటవాలును బట్టియే అలుగు పక్కలకు తగులక నడిమధ్యగా మూసికొనును. శీలలూడదీసిన తొందరలో ఆ చీలికను పోగొట్టుకొన్నచో కత్తి నడకయే చెడును. ఇక కొమ్మునకు మారుగా వాడిన ద్రవ్యముల సంగతి: ప్లాస్టిక్కులకు పూర్వజమైన సెల్యులాయిడుతో చేసిన పాతపిడులు శిథిలమగుచు ఆమ్లవాయువులను వెలువరించి, తాము కాపాడవలసిన ఉక్కునకే తుప్పు పట్టించును. కొమ్మునుండి ఉక్కునకు అట్టి కీడు లేదు.

ఒక్కసారి వాడి పారవేయు బ్లేడు సెలూనులకు వచ్చుట ఆరోగ్యమునకు మంచిదే. కాని పనిలేక అటకెక్కిన పొదులు తుక్కుకొట్టులకు పోవుచుండుట చూడలేకున్నాను. నాగళ్ళను, నగలను భద్రపరచిన మ్యూజియములు ఈ కత్తులనుగూడ సేకరింపవలెను. కొమ్ముపని మనకు కొత్తవిద్య కాదు: విశాఖపట్టణమున 18, 19 శతాబ్దులలోనే దంతముతోను కొమ్ముతోను తాపడముచేసిన పెట్టెలు తయారైనవి; 1936 వరకు మదరాసు రాజధానిలో ఉండి, నేడు ఒడిశాలో, శ్రీకాకుళపు సరిహద్దునకు ఆవలనున్న పర్లాకిమిడిలో కొమ్మును కాచి, వంచి, నునుపుచేయు పనివారు ఇప్పటికిని కలరు. వారిని పిలిపించి, తగిన కూలియిచ్చి, ఒక పొదిలోని కత్తులను వారి ముందుంచుట మన మ్యూజియములు ఈ యేడే ఆరంభింపదగిన పని.