మంచినీళ్ళలో మంచి ఎక్కడ?

తాగే నీటికి తెలుగువాడు పెట్టుకున్న పేరు మంచినీళ్ళు. ముప్పైనాలుగేళ్ళు తెలుగు పండితుడిగా పిల్లలచేత ఈ సమాసానికి విగ్రహవాక్యం చెప్పించాను. మంచివైన నీళ్ళు, విశేషణ పూర్వపద కర్మధారయము. ఇప్పుడు మా వీధి కుళాయి ముందు నిలబడితే ఆ విగ్రహవాక్యం నోట రావటం లేదు.

మాది గోదావరి డెల్టాలో కాలువ గట్టున ఉన్న ఒక చిన్న పట్టణం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ ప్రాంతానికి కాలువే అన్నమూ, కాలువే నీళ్ళూ. ఊరి పేరు చెప్పను. కాలువ కింద పట్టణాలవారు తమ తమ ఊరి పేరు వేసుకొని చదువుకోవచ్చును.

వేసవిలో కాలువలు కట్టేస్తారు. చెరువులో నిలవచేసిన నీరు అడుగంటగానే అందులో బోరునీరు కలుపుతారు. ఆనాటి నుండి పప్పు ఉడకదు. సబ్బు నురగ రాదు. తలకు పోసుకుంటే జుట్టు చీపురుకట్ట అవుతుంది. గీజరులో సున్నం పేరుకుంటుంది. ఊరంతా ఒకటే గోల: నీళ్ళు పాడైపోయాయి, నీళ్ళు పాడైపోయాయి!

ఈ గోలలోనే మనం మోసపోతున్నామని నా వాదన. కఠినత అంటే నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు. భారతీయ ప్రమాణాల సంస్థ 2012 నాటి తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినత వరకు నిరభ్యంతరం. వేరే ఆధారం లేనిచోట 600 వరకు సహింపదగినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే కఠినతకు ఆరోగ్యరీత్యా హద్దే పెట్టలేదు. అది వంటింటికి చికాకు, చాకిరేవుకు నష్టం, గీజరుకు శత్రువు. కాచితే అందులో కొంతభాగం తెల్లని పొలుసుగా అడుగున దిగిపోతుంది కూడా. కంటికి కనబడే దోషం గనుక మనకు దానిమీదనే కోపం.

ఈ కోపం కనిపెట్టినవాడు యంత్రాల వర్తకుడు. మా ఇంటికీ వచ్చాడొక యువకుడు. రెండు గ్లాసులలో నీళ్ళు పోయించాడు, ఒకదానిలో కుళాయి నీరు, రెండవదానిలో తన యంత్రపు నీరు. రెండింటిలోనూ లోహపు కడ్డీలు ముంచి కరెంటు పెట్టాడు. కుళాయి నీరు క్షణాలలో తుప్పురంగు బురద అయింది. "చూశారా మాస్టారూ, ఇదంతా మీ కడుపులోకి పోతోంది" అన్నాడు. నేను లేచి వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి అతని గ్లాసులో వేసి, "ఇప్పుడు పెట్టు నాయనా" అన్నాను. అదీ బురదే అయింది! ఆ మురికి నీటిలోది కాదు, అతని ఇనుపకడ్డీది. లవణం ఉన్న నీటిలో విద్యుత్తు పారుతుంది, ఇనుము కరుగుతుంది, అంతే. అతడు సామాను సర్దుకొని పోయాడు గానీ, ఆ సాయంత్రమే మా వీధిలో రెండు ఇళ్ళవారు యంత్రాలకు అడ్వాన్సులు ఇచ్చారు.

అతని చేతిలో ఇంకొక ఆయుధం ఉన్నది, టీడీఎస్ మీటరు. అది నీటిలోని విద్యుద్వాహకతను కొలిచి లవణాల లెక్క చెబుతుంది. క్రిమి ఉన్నదో లేదో దానికి తెలియదు. మురుగుకాలువ నీటిచుక్క కలిసిన గ్లాసుకూ అది చక్కని అంకె చూపగలదు.

అసలు ప్రమాదం అక్కడ ఉన్నది. మా ఊళ్ళో నీరు వచ్చేది పూటకు గంటసేపు. మిగిలిన వేళ గొట్టం ఖాళీ. మురుగుకాలువ పక్కగా పోయే ఆ గొట్టానికి చిల్లుంటే, ఒత్తిడి లేని సమయంలో మురుగు లోపలికి దిగుతుంది. మరునాడు నీరు వదలగానే మొదటి బిందెలోకి వచ్చేది అదే. దీనికి కావలి కాసేది క్లోరిన్. చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని అదే ప్రమాణం చెబుతున్నది. పరీక్షాద్రావకం రెండు చుక్కలు వేస్తే నీరు పసుపురంగు తిరగాలి. నిరుడు జ్యేష్ఠమాసంలో మా వీధి చివర కుళాయి దగ్గర ఒక సైన్సు మాస్టారు నా ఎదుటనే చుక్కలు వేశాడు. నీరు తెల్లగానే ఉండిపోయింది. అప్పటికే ఆ వీధిలో నలుగురు పిల్లలకు కామెర్లు. వారిలో మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కూతురు, ఏడేళ్ళది. పచ్చబడిన ఆ కళ్ళు నన్నింకా వదలలేదు.

నీటి పరీక్షల ఫలితాలు చూపమని కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి ఉద్యోగి నన్ను మర్యాదగా కూర్చోబెట్టి, "మాస్టారూ, మీకెందుకీ శ్రమ, క్యాను వేయించుకోండి. మేమూ అదే తాగుతున్నాం" అన్నాడు. అతని వెనుక బల్లమీద నీలిరంగు క్యాను ఉన్నది. ఊరికి నీళ్ళిచ్చే చోట ఊరి నీళ్ళు తాగేవారు లేరు! ఇంతకన్న నేరాంగీకారం వేరే ఏమి కావాలి?

క్యాను ఇరవై రూపాయలు. రోజుకొకటి చొప్పున ఏడాదికి ఏడువేల మూడువందలు. నా పింఛనుకు అది భారం కాదు. ఆ పనమ్మాయికి అది రెండు నెలల జీతం. ఉన్నవారందరూ క్యాన్లవైపు వెళ్ళిపోతే కుళాయి గురించి అడిగే గొంతు మిగలదు. ఆ కుళాయి చివర మిగిలేది ఆ ఏడేళ్ళ పిల్ల. పైగా ఆ క్యాను ఎక్కడ కడిగారో, ఎవరు పరీక్షించారో మనం అడిగామా?

పురపాలక సంఘానికి డబ్బు లేదంటారు. గొట్టాలన్నీ మార్చటానికి లేకపోవచ్చును. రోజూ నాలుగు వీధుల చివర రెండు చుక్కలు వేసి, ఫలితాన్ని సుద్దముక్కతో నల్లబల్లమీద వ్రాయటానికి ఎంత కావాలి? 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండవ షెడ్యూలులో నీటిసరఫరా పురపాలక సంఘాల పనులలో ఒకటిగా ఉన్నది. 2005 నాటి సమాచారహక్కు చట్టం క్రింద ముప్పై రోజులలో జవాబు అడిగే హక్కు మనకున్నది. నేను దరఖాస్తు పెట్టాను. వీధికొకరు పెడితే నల్లబల్ల దానంతటదే వెలుస్తుంది.

మా నాయనమ్మ వరదనీటి బిందెలో ఇండుపగింజ అరగదీసేది. తెల్లవారేసరికి బురద దిగి నీరు తేటపడేది. ఇండుపగింజ పేరు జపిస్తే బురద దిగదు, గింజ అరగాలి, చెయ్యి నొయ్యాలి. గోదావరి మాత పేరు పుష్కరాలకు తలచుకొని, మిగిలిన ఏళ్ళు క్యాను నీళ్ళు తాగే మనకు ఆ మాట గుర్తుచేయటానికే ఈ నాలుగు ముక్కలూ వ్రాశాను. ఈ రాత్రికి నీళ్ళు కాచి తాగండి. రేపు ఉదయం మాత్రం దరఖాస్తు వ్రాయండి.

స్వస్తి.